ద్రుపదుడి పద్యం చదివే ముందు

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చూశాను. ఎమ్మే సెమినార్‌కి నన్నయ భారతం ఆదిపర్వంలో ద్రోణుడు, ద్రుపదుడి ఘట్టం వచ్చిందన్నావు, చాలా సంతోషం. కానీ "స్నేహం గురించి ఎంత మంచి నీతి పద్యం పెద్దమ్మా" అని రాశావు చూడు, అక్కడ ఒక్క నిమిషం ఆగు తల్లీ. ముందు పద్యాన్ని నాలుగైదు సార్లు పైకి చదువు, మనసులో కాదు, గొంతెత్తి.

సమశీలశ్రుతయుతులకు
సమధనవంతులకు సమసుచారిత్రులకుం
దమలో సఖ్యమును వివా
హమునగుఁ గా కగునె రెండు నసమానులకున్

కందపద్యం కదా, రెండుసార్లు చదివితే నోటికి వచ్చేస్తుంది, అందుకే మనవాళ్ళు పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు కూడా దీన్ని నీతివాక్యంలాగా అనేస్తుంటారు. విడిగా చూస్తే తప్పేం కనపడదు. సమానమైన గుణం, చదువు, డబ్బు, నడవడి ఉన్నవాళ్ళకే స్నేహమైనా పెళ్ళైనా కుదురుతుంది, అంతేగా. కానీ ఈ మాట అంటున్నది ఎవరు, ఎవరితో, ఏ టైంలో? అది పక్కన రాసిపెట్టుకోకుండా అర్థం రాయడానికి కూర్చోకు.

ద్రోణుడూ ద్రుపదుడూ అగ్నివేశుడి దగ్గర కలిసి విలువిద్య నేర్చుకున్నవాళ్ళు. నేను రాజునయ్యాక నా దగ్గరికి రా, నా భోగాలు నీవి కూడా అని ద్రుపదుడే మాటిచ్చి వెళ్ళాడు. తర్వాత ద్రోణుడికి పెళ్ళయింది, అశ్వత్థామ పుట్టాడు, ఇంట్లో లేమి, డబ్బున్నవాళ్ళ పిల్లలు పాలు తాగుతుంటే చూసి నాకూ పాలు కావాలని ఆ పసివాడు ఏడ్చాడు. అప్పుడు, అంత అభిమానం ఉన్న మనిషి, స్నేహితుడి మాట నమ్ముకుని, పాంచాలరాజైన ద్రుపదుడి సభకి వెళ్తే వచ్చిన జవాబు ఈ పద్యం. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

ఇప్పుడు మళ్ళీ పద్యంలోకి రా. ద్రుపదుడు పెట్టిన కొలతలు నాలుగు. చదువు ఇద్దరికీ ఒకే గురువు దగ్గరదే. గుణం, నడవడి అంటావా, ఆ రోజు వరకు ద్రోణుడిలో వంక పెట్టడానికి ఏం లేదు, ఇచ్చిన మాట తప్పింది ద్రుపదుడే. ఇక మిగిలింది డబ్బొక్కటే! ఆ ఒక్కదాన్ని మూడు మంచి మాటల మధ్యలో పెట్టి దాచేశాడు. పక్కనే ఉన్న "ధనపతితో దరిద్రునకు" అనే చంపకమాల కూడా తీసుకో, అందులో జంటలు వరసగా వస్తాయి, ధనవంతుడూ దరిద్రుడూ, జ్ఞానీ మూర్ఖుడూ, శాంతుడూ క్రూరుడూ, శూరుడూ పిరికివాడూ, చివరికి సజ్జనుడూ దుర్జనుడూ. పేదవాణ్ణి తీసుకెళ్ళి మూర్ఖుడి పక్కన, దుర్జనుడి పక్కన నిలబెట్టేశాడు, తనేమో ప్రతిసారీ పై మెట్టు మీదే. తర్వాత వచ్చే వచనం అస్సలు వదలకు, అందులో ముసుగు తీసేస్తాడు, మాలాంటి రాజులకి మీలాంటి పేద బ్రాహ్మలతో పనికొచ్చే స్నేహం ఎప్పటికీ కుదరదు అని. ఒక మనిషి దిగజారేటప్పుడు ముందు మాట తప్పుతాడు, ఆ తర్వాత ఆ తప్పుకి శాస్త్రం వెతుక్కుంటాడు, నీ పేపర్ మొత్తం దీని చుట్టూ తిరిగితే చాలు.

ఛందస్సు, అలంకారం ఒక పేజీ మించొద్దు. కష్టమైన పదాలకి శబ్దరత్నాకరం నిఘంటువు చూడు, తిరుమల దేవస్థానం వాళ్ళు వేసిన భారతంలో ప్రతిపదార్థం, తాత్పర్యం ఉంటాయి, కానీ ముందు నీ తాత్పర్యం నువ్వు రాసుకుని తర్వాతే అది తెరువు.

ఇంకోటి, ద్రోణుణ్ణి పూర్తిగా మంచివాడిని చేసి ముగించొద్దు. శిష్యుడు అర్జునుడు గురుదక్షిణగా ద్రుపదుణ్ణి పట్టి తెచ్చినప్పుడు "వీరెవ్వరయ్య ద్రుపదమహారాజులె" అని ద్రోణుడు ఎగతాళి చేస్తాడే, ఆ పద్యం కూడా ఇదే గొంతుతో చదివి చూడు. అవమానం పడ్డవాడు అవమానించడం నేర్చుకున్నాడు. వ్యాసభారతంలో అయితే రాజు కానివాడు రాజుకి స్నేహితుడు కాలేడన్నావుగా అని ద్రుపదుడి మాటే తిప్పికొట్టి సగం రాజ్యం తను ఉంచుకుంటాడు. ఆ పగతోనే ద్రుపదుడు యజ్ఞం చేసి ధృష్టద్యుమ్నుణ్ణి కన్నాడు, చివరికి కురుక్షేత్రంలో ద్రోణుడి తల నరికింది ఆ కొడుకే. ఇద్దరిలో ముందు దిగజారింది ద్రుపదుడే, కాదనను, కానీ రెండోవాడు ఎక్కడ జారాడో కూడా నువ్వు చూపించాలి, సెమినార్‌లో ప్రశ్నలు వచ్చేది అక్కడే.

మొదటి డ్రాఫ్ట్ చేత్తోనే రాసి ఫోటో తీసి పంపు, పద్యం చదివిన వాయిస్ మెసేజ్ కూడా పెట్టు, "వివా" దగ్గర పాదం విరిగినప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నావో నేను వినాలి.

మీ పెద్దమ్మ