చీనీ తోట కోసం ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. నాన్న పోయాక మూడేళ్లుగా ఇంటి వెనక రెండెకరాల చీనీ (బత్తాయి) తోటను పట్టించుకోలేదు, సగం ఎండింది. పాత బోరు గంటసేపు పోస్తుంది. జీతం 38,000, ఇంటి ఖర్చు 25,000. ఉన్న 1,20,000 ఎఫ్‌డీ తీసేసి, మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చి కొత్త బోరు, డ్రిప్పు వేయిద్దామనుకుంటున్నా. ఏడాదిలో తీర్చగలనా?

జవాబు: తీర్చలేరు. నెలకు 12,000 వడ్డీకే పోతుంది, ఏడాదికి 1,44,000. బాగున్న చెట్టుకే పూత నుంచి కోతకు ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. మూడేళ్లు నీళ్లు లేని చెట్టు ఈ ఏడు కొత్త చిగురు వేస్తే అదే పదివేలు. బోరు పడుతుందని ఎవరు మాటిచ్చారు మీకు?

అప్పు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఎఫ్‌డీ తీసేస్తాననడం. ఈ తప్పు చాలా ఇళ్లలో చూస్తున్నాను, అందుకే రాస్తున్నాను. తోట ఉన్న ఇంటికి అత్యవసర నిధి ఇంకా ఎక్కువ కావాలి. ఏప్రిల్‌లో మోటారు కాలితే వారంలో బాగుచేయించి దించాలి, ఆలస్యమైతే చెట్లు వాడిపోతాయి. ఆరోజు చేతిలో డబ్బు లేకపోతే మళ్లీ ఆ వడ్డీవాళ్ల గడపే తొక్కాలి. మీకు ఆరు నెలల ఖర్చు 1,50,000, మోటారుకు మరో 30,000 పక్కన ఉండాలి. ఉన్న ఎఫ్‌డీ పోను 60,000 లోటు. నెలకు 8,000 దాచితే ఎనిమిది నెలల్లో అది పూడుతుంది.

మిగిలే 5,000 తోటకు పెట్టండి. కొమ్మ బెరడు గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది, పొడిగా గోధుమ రంగులో ఉంటే ఆ కొమ్మ పోయినట్టే. ఎండుపుల్లలు, అంటు కట్టిన చోటుకు కింద లేచిన పిలకలు కోయించండి. కోసిన చోట, బంక కారే మొదళ్ల దగ్గర బెరడు గీకి అక్కడా, తెగులు సోకకుండా బోర్డో పేస్టు పూయండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. ఉన్న గంట నీళ్లూ బతికే చెట్ల పాదులకే పారించండి.

పొలం పట్టాదారు పాసుబుక్కు ఇంకా నాన్న పేరుతోనే ఉంటే మీ పేరుకు మార్పించుకోండి. అప్పుడు బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా పంట రుణం అడగొచ్చు, వేళకు కడితే ఏడాదికి 4 శాతం వడ్డీయే పడుతుంది. డ్రిప్పు సబ్సిడీ సంగతి ఉద్యాన శాఖ ఆఫీసులో కనుక్కోండి.

ముందు చెట్లు లెక్కపెట్టండి. ఎన్ని బతికున్నాయో తేలాక నాకు రాయండి, కొత్త బోరు మాట అప్పుడు మాట్లాడుకుందాం.