చిన్నా, వార్బ్లర్ల కోసం వెళ్ళే ముందు ఇది చదువు

చిన్నా,

బైనాక్యులర్స్ కొంటున్నానని, ఈ మే నెలలో వార్బ్లర్లు అనే చిన్న వలస పిట్టల్ని చూడాలని ఉందని అన్నావు కదా. అమెరికాలో, ఒహాయోలోని కొలంబస్‌లో ఉండి అది చూడకపోతే ఎట్లా! ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

మన ఊళ్ళో చలికాలం చింతచెట్లలో కనిపించే, ఆకుపచ్చో బూడిదో తేలని చిన్న పిట్టల్ని కూడా వార్బ్లర్లనే అంటారు గానీ, వాటికీ వీటికీ చుట్టరికం లేదు. ఇక్కడివి వేరే కుటుంబం. వసంతంలో మగవాటి రంగులు చూడాలి, పసుపు, నారింజ, నీలం, అన్నీ ఇంచుమించు పది గ్రాముల పిట్టల మీద! చలికాలమంతా మధ్య అమెరికాలోనో కరీబియన్ దీవుల్లోనో గడిపి, గూళ్ళు కట్టుకోవడానికి కెనడా అడవుల దాకా పోతాయి. ప్రయాణం రాత్రిపూట. తెల్లవారేటప్పటికి ఎక్కడో ఒకచోట దిగి, పురుగుల్ని తిని ఒళ్ళు చేసుకుని, అనుకూలమైన రాత్రి చూసుకుని మళ్ళీ లేస్తాయి.

అందుకే శనివారం ఖాళీ కదా అని బయల్దేరకు. గాలి చూసి బయల్దేరు. రాత్రి దక్షిణం నుంచి వెచ్చటి గాలి వీస్తే గుంపులు గుంపులుగా వస్తాయి, తెల్లారకముందే వాన పట్టుకున్నా గాలి ఉత్తరానికి తిరిగినా ఉన్నచోటే దిగిపోతాయి, అలాంటి పొద్దున ఆఫీసుకి లేటైనా సరే పోవాల్సిందే. బర్డ్‌కాస్ట్ అని ఒక సైట్ ఉంది, వాతావరణ రాడార్ల సాయంతో ఆ రాత్రి ఎంత వలస జరుగుతుందో అంచనా చెబుతుంది. పడుకునే ముందు ఒకసారి చూసుకో.

ఎక్కడికంటే, ముందు మీ ఊళ్ళోనే గ్రీన్ లాన్ శ్మశానానికి. నవ్వకు. 1848 నాటిది, చుట్టూ ఊరు, మధ్యలో ముసలి ఓక్ చెట్లు, ఆకాశం నుంచి చూసే పిట్టకి దిగడానికి అంతకన్నా మంచి చోటు ఏముంది? ఇక్కడి వాళ్ళు అక్కడ వాకింగ్ కూడా చేస్తారు. మీ పిన్ని మాత్రం ఇప్పటికీ నన్ను తలమీద నీళ్ళు పోసుకోకుండా వంటింట్లోకి రానివ్వదు. నువ్వూ ఇంటికి రాగానే స్నానం చెయ్యి, మైల అని కాదు, టిక్‌లు ఉంటాయి, మన గేదెలకు పట్టే పిడుదుల్లాంటివే, వాటితో లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని గడ్డిలోకి దిగు.

రెండోది మ్యాగీ మార్ష్ అనే చిత్తడి నేల. ఈరీ సరస్సు ఒడ్డున, మీ దగ్గర్నుంచి రెండు గంటల పైనే డ్రైవ్. పిట్టలు ఆ నీళ్ళు దాటే ముందు ఒడ్డునే ఆగి తింటాయి, అందుకని చెక్క బాట పక్కన పొదల్లో చెయ్యి చాపితే అందేంత దగ్గరగా తిరుగుతాయి. మే రెండో వారంలో జనం తిరునాళ్ళే. గొంతు తగ్గించు, బాట మధ్యలో నిలబడిపోకు, పిట్టని రప్పించడానికి ఫోన్లో దాని పాట వెయ్యకు. అది ఆకలితో వచ్చింది, పోటీకి ఇంకో మగపిట్ట ఉందనుకుని తిండి మానేసి గాలిస్తుంది. వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బైనాక్యులర్స్ 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి, చాలు. పది రెట్లవి కొనకు, కనిపించే మేర తగ్గుతుంది, చెయ్యి వణుకు ఎక్కువ తెలుస్తుంది. పిట్ట కనబడ్డాక చూపు దాని మీద నుంచి తియ్యకుండా అద్దాల్నే కళ్ళ దగ్గరకి తెచ్చుకో, ఇది ఇంటి పెరట్లో పిచ్చుకల మీద సాధన చెయ్యాలి.

తర్వాత, తిరగడం మానెయ్. పూత మీదున్న ఓక్ చెట్టు ఒకటి చూసుకుని నిలబడు, గొంగళి పురుగులు ఉండేది అక్కడే. బ్లాక్‌బర్నియన్ చిటారుకొమ్మన ఉంటుంది, బ్లాక్ అండ్ వైట్ వార్బ్లర్ మాను మీద పాకుతుంది, ఓవెన్‌బర్డ్ నేలమీద ఎండుటాకుల్లో నడుస్తుంది, రెడ్‌స్టార్ట్ తోక విప్పి పురుగుల్ని అదరగొడుతుంది, ఇవన్నీ వార్బ్లర్లే. ఎక్కడ ఉందో చూస్తే పేరు సగం తెలిసిపోతుంది. ఊరికే పైకి చూస్తే మెడ పట్టేస్తుంది, మిట్ట మీద నిలబడి పల్లంలో ఉన్న చెట్ల తలలు చూడు.

పాట విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పెట్టుకో గానీ, అది చెప్పిందల్లా లిస్టులో రాసెయ్యకు, చూశాకే రాయి. రెండు పాటలు ముందే నేర్చుకో. ఓవెన్‌బర్డ్ "టీచర్, టీచర్, టీచర్" అని గొంతు పెంచుకుంటూ పోతుంది. బ్లాక్ అండ్ వైట్ వార్బ్లర్ నూనె వెయ్యని గిలకలా కీచుమంటుంది. ఏప్రిల్లో ముందుగా వచ్చేవి యెల్లో రంప్డ్ వార్బ్లర్లు, వాటితో కళ్ళూ చెవులూ అలవాటవుతాయి. మే చివర బ్లాక్‌పోల్ వార్బ్లర్ వస్తుంది, దాని పాట ఎంత సన్నటి శ్రుతంటే ఈ వయసులో నాకు వినబడటం మానేసింది. మే రెండో వారంలో గాలి బాగుంటే నేనూ మ్యాగీ మార్ష్‌కి వస్తా, సన్న గొంతులు వినే పని నీది, ఏ కొమ్మో చెప్పు చాలు. పులిహోర మీ పిన్ని కలిపిస్తానంది, నువ్వు ఫ్లాస్కులో కాఫీ తీసుకురా.

— బాబాయి