అక్క చదివి వినిపించని రోజున కూడా

పాఠకుల ప్రశ్నలకు కడప నుంచి ఒక విశ్రాంత గ్రంథాలయాధికారి జవాబులు

ప్రశ్న: మా తమ్ముడికి పన్నెండో ఏట చూపు పోయింది. డిగ్రీ పూర్తిచేసి గ్రూప్-2కు సిద్ధమవుతున్నాడు. రోజూ సాయంత్రం వాడిని గ్రంథాలయానికి తీసుకువెళ్ళి రెండు గంటలు పుస్తకాలు చదివి వినిపిస్తాను. వచ్చే మాఘంలో నా పెళ్ళి. ఆ తరువాత వాడి చదువు ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదు. తెలుగు చదివే యంత్రం ఏదైనా ఉందా? ఎంతవుతుంది? గ్రంథాలయంలో ఏమని అడగాలి?
– ఒక అక్క, అనంతపురం

జవాబు: అమ్మా, ముందు మీరు నిశ్చింతగా నిద్రపోండి. మీరడిగిన యంత్రం బహుశా మీ తమ్ముడి జేబులోనే ఉంది. దాదాపు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట టాక్‌బ్యాక్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే వేలు తాకిన చోట ఏముందో ఫోను పైకి చదువుతుంది. ఒకసారి తాకితే చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది, రెండు వేళ్ళతో తోస్తే పేజీ జరుగుతుంది. పలికే గొంతుకు తెలుగును ఎంచుకోవాలి. పైసా ఖర్చు లేదు.

కంప్యూటర్‌కైతే తెర మీది మాటలను పైకి చదివే ఎన్‌వీడీఏ ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఒక యువకుడు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది, నేటికీ ఉచితమే. దానితో పాటు వచ్చే గొంతుకు తెలుగు చదవడం తెలుసు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని కూడా నడపవచ్చు కాబట్టి, గ్రంథాలయం కంప్యూటర్‌లో కొత్తగా ఏదీ ఎక్కించవద్దని అన్నా మీకు దారి ఉంటుంది.

ఉద్యోగంలో ఉండగా ఒక కుర్రాడికి నేర్పవలసి వచ్చి, ముందు నేను నేర్చుకున్నాను. గ్రంథాలయం మూశాక కళ్ళకు తువ్వాలు కట్టుకుని నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. మొదటి రోజు ఆ గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపించింది. పది నిమిషాలకే తలనొప్పి వచ్చింది. నాలుగో రోజుకు ఒక వార్తను మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఆ కుర్రాడు నెల తిరిగేసరికి నాకు ఒక్క మాటా అందనంత వేగంతో వినేవాడు. మొదటి వారంలో గొంతు బాగాలేదని మీ తమ్ముడు విసుక్కుంటే వదిలేయనివ్వకండి.

అసలు చిక్కు పాఠం దగ్గర వస్తుంది. మన కంటికి అక్షరంగా కనిపించేదంతా యంత్రానికి అక్షరం కాదు. స్కాన్ చేసిన పుస్తకం దానికి ఒక ఫోటో, అంతే. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకం సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. తెర మీద చక్కని తెలుగు కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ దాగి ఉంటాయి. యంత్రం ఆ లోపలిదే చదువుతుంది. పాపం ఆ కుర్రాడు మొదటిసారి అటువంటి పేజీ తెరిచినప్పుడు కంప్యూటర్ చెడిపోయిందనుకుని తీసిన చేయి మళ్ళీ పెట్టలేదు. అందుకే ఏ ఫైలు దొరికినా ఒక వరుస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడా తెలుగే కనిపిస్తే అది యూనికోడ్, అంటే యంత్రానికీ తెలుగుగానే అర్థమయ్యే అక్షరం, మీ తమ్ముడు చదువుకోగలడు. పిచ్చి గుర్తులు కనిపిస్తే పాత ఫాంటు, దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వరుసను పట్టుకోవడమే సాధ్యం కాకపోతే అది ఫోటో.

ఫోటోను అక్షరాలుగా మార్చే పనిని ఓసీఆర్ అంటారు. గూగుల్ లెన్స్, గూగుల్ డ్రైవ్ రెండూ తెలుగులో ఆ పని చేస్తాయి. పుస్తకాన్ని బల్లమీద బాగా పరచి, చేతినీడ పడకుండా, ఫోనును పేజీకి సమాంతరంగా పట్టి తీయండి. కుట్టు దగ్గర పేజీ వంపు తిరిగిన చోట అక్షరాలు నలుగుతాయి, అక్కడ ఒక గాజుపలక ఆనించండి. అయినా తప్పులు వస్తాయి. ‘పాలన’ను ‘వాలన’ చేస్తుంది. మ, య తారుమారవుతాయి. వత్తులు జారిపోతాయి. మాఘం వచ్చేలోపు మీరు చేయవలసిన పని అదే. రెండు గంటలు చదివి వినిపించే బదులు, ఒక గంట పేజీలు తీసి తప్పులు దిద్ది పెట్టండి. ఒకసారి దిద్దిన పేజీ మీరు అత్తవారింట ఉన్నా వాడికి వినిపిస్తుంది, అర్ధరాత్రి అడిగినా వినిపిస్తుంది. మా కడపలో బ్రౌన్ దొర బంగళాలో లేఖకులు చేసింది కూడా ఇలాంటి పనే. తాటాకు ప్రతులను కాగితం మీదికి ఎత్తి రాశారు, పండితులు సరిచూశారు. ఆ స్థలంలోనే ఇప్పుడు బ్రౌన్ పేర గ్రంథాలయం ఉంది.

గ్రంథాలయంలో దయ అడగవద్దు. ఒక కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఒక హెడ్‌ఫోను, గోడవారగా ఒక కుర్చీ, పుస్తకాన్ని ఫోటో తీసుకోవడానికి అనుమతి కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సమాచారం వారికి అందే రూపంలో ఉండాలని దాని 42వ సెక్షన్ చెబుతుంది. పైగా 1960 నాటి మన గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతాయి. మీ ఇంటి నుంచీ పోతాయి, అందులో మీ తమ్ముడి వాటా ఉంది.

ప్రశ్న: ఆదోని దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. రెండు గదులు, ఒక పాత కంప్యూటర్ ఉన్నాయి. దివ్యాంగులు మా దగ్గరకు రానే రారు. రానివారి కోసం ఖర్చు పెట్టమని పైవారిని ఎలా అడగాలి మేడం?
– ఒక గ్రంథాలయాధికారి, కర్నూలు జిల్లా

జవాబు: నాయనా, ‘రానే రారు’ అన్న మాట నేనూ ఏళ్ళ తరబడి అన్నాను. మా గేటు బయట వేపచెట్టు కింద ఒకాయన మూడు చక్రాల బండిలో రోజూ కూర్చునేవాడు. లోపలికి వెళ్ళే పిల్లల చేత పేపరు తెప్పించుకుని, బండి చేతిపిడి మీద మడిచి పెట్టుకుని చదివేవాడు. గాలికి పేజీ ఎగరకుండా ఒక రాయి పెట్టుకునేవాడు. ఆయనకు ఆరుబయట కూర్చోవడం ఇష్టమనుకున్నాను. ఒక వానరోజు పేపరు తడిసిందని చెప్పి, వెల కట్టి ఇస్తానని డబ్బు పంపించాడు. అప్పుడు బయటికి వెళ్ళి మా గుమ్మం వైపు ఆయన కూర్చున్న చోటు నుంచి చూశాను. మూడు మెట్లు. ఆయన మా పాఠకుడే, రోజూ వస్తున్నాడు. మేమే లోపలికి రానివ్వలేదు.

మెట్ల ఎత్తు 18 అంగుళాలు. మేస్త్రీ ఆరడుగుల్లో వాలు కట్టేస్తానన్నాడు. అలా కడితే బండి వెనక్కు జారుతుంది, ఎక్కించేవాడు ఉంటే తప్ప ఎక్కదు. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. అంటే మాకు 18 అడుగులు కావాలి. అంత చోటు ఎదురుగా లేదు. గోడ వెంట తిప్పి, మలుపులో బండి నిలిచేంత చదును వదిలి కట్టించాము. మీరు కూడా టేపు పట్టుకుని ముందు మీ గుమ్మం కొలవండి, తలుపు వెడల్పు కొలవండి. కొలతలు రాసి పంపిన అర్జీకి ఉండే బలం వట్టి విన్నపానికి ఉండదు.

ఖర్చు లేనివి ఈ వారమే చేయవచ్చు. ఒక బల్ల దగ్గర కుర్చీ తీసేస్తే చక్రాల కుర్చీకి చోటవుతుంది. ఎక్కువగా అడిగే పుస్తకాలను కూర్చున్న మనిషి చేతికందే అరలోకి దించండి. పాత కంప్యూటర్‌లో విండోస్ నడుస్తుంటే ఎన్‌వీడీఏ వేసి చూడండి. అన్నిటికన్నా ముందు మీరు నేర్చుకోండి. ఒక గ్రంథాలయంలో పుస్తకం చదివే యంత్రం చూశాను. బీరువాలో ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉన్నారు. ఆ రోజు దానికోసం ఇరవై కిలోమీటర్లు బస్సులో వచ్చిన అమ్మాయి తిరిగి వెళ్ళిపోయింది. ఆ కోపం నాకు ఇంకా తీరలేదు.

ప్రశ్న: నాకు 74 ఏళ్ళు. కంటి నడిమి చూపు దెబ్బతిందనీ, అద్దాలతో ఇక సరికాదనీ డాక్టరు చెప్పారు. పక్కచూపు ఉంది. పేపరు చదవకుండా ఉండలేను.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జమ్మలమడుగు

జవాబు: మాస్టారూ, పెద్ద బూతద్దం కొనాలని అందరూ అనుకుంటారు. నిజానికి అద్దం ఎంత పెద్దదైతే దాని శక్తి అంత తక్కువ. చిన్నదే ఎక్కువ పెద్దగా చూపిస్తుంది, కంటికి దగ్గరగా పట్టుకుంటే మరిన్ని అక్షరాలు అందులో పడతాయి. ఎన్ని రెట్లది కావాలో లో-విజన్, అంటే తగ్గిన చూపుకు సాయపడే కంటి వైద్యులే పరీక్షించి చెప్పాలి. చేయి వణికితే, పేజీ మీదే నిలిచే కాళ్ళూ లైటూ ఉన్న అద్దం తీసుకోండి. ఇంటి దీపం కన్నా పేజీకి దగ్గరగా, పక్కనుంచి పడే బల్లదీపం మేలు.

ఇంకొకటి, కాసేపట్లో ఇంట్లోనే చేసుకోవచ్చు. నల్ల అట్టముక్కలో ఒక వరుస మాత్రమే కనిపించేంత సందు కోయండి. దాన్ని పేజీ మీద పెట్టి కిందికి జరుపుకుంటూ చదవండి. తెల్లకాగితం మెరుపు తగ్గి, వరుస తప్పకుండా ఉంటుంది. మా గ్రంథాలయంలో ఆరు అట్టలు కోసి పేపర్ల బల్ల మీద పెడితే నెలలో నాలుగు ఇళ్ళకు వెళ్ళిపోయాయి. అడిగి తీసుకువెళ్ళారు, ఎవరినీ తప్పు పట్టలేదు.

ప్రశ్న: గ్రంథాలయం పుస్తకాన్ని స్కాన్ చేసి చూపు లేని స్నేహితుడికి ఇస్తే కాపీరైటు నేరమవుతుందా?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: కాదు. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించి 52వ సెక్షన్‌లో ఈ మినహాయింపు చేర్చారు. మామూలు పుస్తకాన్ని చదవలేని దివ్యాంగుల కోసం, లాభం లేకుండా, వారు చదవగల రూపంలోకి మార్చి వారికి ఇవ్వవచ్చు. దాన్ని అందరికీ పంచడం, అమ్ముకోవడం మాత్రం కుదరదు. ఇదే ఉద్దేశంతో 2013 జూన్‌లో మరాకేష్ ఒప్పందం కుదిరింది. ప్రపంచంలో దాన్ని మొట్టమొదట ఆమోదించిన దేశం మనది, 2014లో.

మీరు స్కాన్ చేసే ముందు సుగమ్య పుస్తకాలయలో వెతకండి. మామూలు పుస్తకం చదవలేనివారి కోసం 2016 ఆగస్టులో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం అది. డైసీ ఫోరం ఆఫ్ ఇండియాలోని సంస్థల ద్వారా సభ్యత్వం తీసుకోవాలి. డైసీ అంటే చెవితో చదివేవారి కోసం చేసిన పుస్తక రూపం. ఆ రూపంలో ఉన్న పుస్తకంలో క్యాసెట్టులా ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ వెతకనక్కరలేదు, కావలసిన అధ్యాయానికి నేరుగా వెళ్ళవచ్చు. తెలుగు పుస్తకాలు ఇంకా చాలా చేరాలి. మీరు స్కాన్ చేసి శ్రద్ధగా తప్పులు దిద్దిన పుస్తకం ఉంటే ఆ సంస్థలలో ఒకదానికి చెప్పండి, మరొక ఊళ్ళో మరొకరు అదే పేజీని మళ్ళీ దిద్దే శ్రమ తప్పుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి వినికిడి లేదు. గ్రంథాలయంలో వాడికి పనికొచ్చేది ఏమైనా ఉంటుందా?
– ఒక తండ్రి, హిందూపురం

జవాబు: బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టండి, కానీ అక్కడ ఆపకండి. భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో విడుదల చేసిన నిఘంటువులో 10,000 మాటలకు సంకేతాల వీడియోలు ఉన్నాయి. గ్రంథాలయం కంప్యూటర్‌లో వాటిని చూపించమని అడగండి. మీరు కూడా పక్కన కూర్చుని నేర్చుకోండి. ఇంట్లో మాట్లాడేవారు లేకపోతే ఏ భాషా నిలవదు.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్ళు, పుట్టుకతో చూపు లేదు. ఫోను అన్నీ చదివి వినిపిస్తుంది కదా, ఇంకా బ్రెయిలీ ఎందుకని మా బంధువులు అంటున్నారు. నేర్పించాలా వద్దా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: తప్పకుండా నేర్పించండి తల్లీ. ఫోను మాటను వినిపిస్తుంది, అక్షరాన్ని చూపించదు. వినడం మాత్రమే తెలిసిన పిల్లలకు ‘కళ’, ‘కల’ తేడా చెవికి అందకపోతే రాతలో ఎప్పటికీ అందదు. పేపరు పైకి చదివే ఇంట్లో పెరిగినంత మాత్రాన కళ్ళున్న పిల్లలకు ఓనమాలు మానిపించం కదా.

బ్రెయిలీలో ప్రతి గడిలో ఆరు చుక్కలకు చోటుంటుంది. మన దేశ భాషలన్నిటికీ ఉమ్మడిగా 1951లో కుదిరిన భారతి బ్రెయిలీలోనే తెలుగూ రాస్తారు. ‘అ’ అంటే ఒకే చుక్క. ‘మ’కు మూడు చుక్కలు. ‘అమ్మ’ రాయాలంటే అకారం తరువాత గడిలో ఒంటరి చుక్క ఒకటి వస్తుంది. వెనక వచ్చే రెండు ‘మ’లూ జంట అని అది చెబుతుంది. నాలుగు గడులు. పాప చూపుడు వేలును పట్టుకుని ఆ నాలుగు గడుల మీద ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిపించండి, గట్టిగా అదమనివ్వకండి. రాసేటప్పుడు మాత్రం పలకమీద కాగితం బిగించి, సూదితో కుడి నుంచి ఎడమకు గుచ్చాలి. కాగితం తిరగేస్తే చుక్కలు పైకి ఉబ్బి చదవడానికి వస్తాయి. ఇది ముందు మీరు నేర్చుకోవాలి, పదిహేను రోజుల్లో వస్తుంది.

పాప బడికి కావలసిన పలక, సూది వంటివి దివ్యాంగులకు సహాయక పరికరాలు ఇవ్వడానికి కేంద్రం నడిపే ఏడిప్ పథకం కింద అడగవచ్చు. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. బ్రెయిలీ పుస్తకాలు ప్రొద్దుటూరులో దొరకకపోతే దూరపు సంస్థల నుంచి తపాలాలో తెప్పించుకోండి. అవి చాలా లావుగా ఉంటాయి, ఒక చిన్న కథల పుస్తకమే చేతినిండా ఉంటుంది. అయినా భయపడకండి, అంధుల సాహిత్యానికి తపాలా శాఖ రుసుము తీసుకోదు. కట్ట 7 కిలోలు దాటకూడదు. చదివాక తిరిగి పంపేటప్పుడు పైన ‘అంధుల సాహిత్యం’ అని రాసి, తెరిచి చూడడానికి వీలుగా కట్టండి.