తూకం తక్కువ రాయమంటే ఏం చేయాలి? – సమాధానం

తమ్ముడూ, వందనాలు. అనంతపురంలో శెనక్కాయల మండీలో గుమాస్తాగా ఉన్నానని, రైతు బస్తాకు రెండు కిలోలు తక్కువ రాయమని యజమాని అంటున్నాడని, కాదంటే పని పోతుందని టెన్షన్‌గా ఉందని రాశావు.

రాయొద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. దొంగ త్రాసు దేవునికి హేయమని బైబిల్లోని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనమే చెబుతోంది. పైగా అది వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి పండించిన రైతు కష్టం.

ఎలా చెప్పాలన్నదే అసలు విషయం. బైబిల్లో బబులోను రాజు దగ్గరికి బందీగా వెళ్లిన యూదా యువకుడు దానియేలును చూడు. రాజు భోజనం ముట్టకూడదని ముందే మనసులో నిశ్చయించుకున్నాడు. కానీ ఎవరితోనూ గొడవ పడలేదు, మర్యాదగా అడిగాడు. పది రోజులు కాయగూరలు, నీళ్లు ఇచ్చి చూడమని దారి కూడా తనే చూపించాడు. నువ్వూ మండీ మూసే వేళ, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు చెప్పు: "అన్నా, లెక్కలు, వసూళ్లు ఎంతసేపైనా చూస్తా. తూకం చీటీ మాత్రం ఉన్నదున్నట్టే రాస్తా." నలుగురిలో ఆయన పరువు తీయొద్దు.

కర్నూలు ఉల్లి మార్కెట్‌లో పనిచేసేటప్పుడు నేనూ ఇలాగే అన్నాను. నెలకే పని పోయింది. మూడు నెలలు ఇల్లు గడవడం కష్టమైంది, అది దాచను. అందుకే ఇంట్లో ముందే చెప్పు, ఈ వారం నుంచే వేరే పని కోసం అడుగుతూ ఉండు.

ఇప్పటికే తక్కువ రాసి ఉంటే, గుర్తున్న రైతుల పేర్లు రాసిపెట్టుకో. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని యేసుతో అన్నాడు కదా, నువ్వు నీ చేతనైనంతతో మొదలుపెట్టు.