పాత కారుకు హెడ్-అప్ డిస్‌ప్లే: ఆర్‌సీకి, బీమాకు ఇబ్బంది వస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. 2014లో రిజిస్టర్ అయిన సెడాన్ కారు నా పేరు మీద ఉంది. అదే మోడల్‌లో ఖరీదైన వేరియంట్‌కు కంపెనీయే హెడ్-అప్ డిస్‌ప్లే (వేగం వంటి అంకెలను డ్రైవరు కళ్ల ఎదుట, ముందు అద్దం మీద చూపే పరికరం) ఇచ్చింది, నా కారుకు లేదు. హైదరాబాద్‌లోని ఒక వర్క్‌షాప్‌వారు వాడిన యూనిట్ తెప్పించి, డ్యాష్‌బోర్డు, ముందు అద్దం మార్చి, అచ్చం కంపెనీ బిగించినట్టే అమరుస్తామంటున్నారు. మొత్తం 1,20,000 రూపాయలు అవుతుందట. దీనికి రవాణా శాఖ అనుమతి తీసుకోవాలా? పోలీసులు జరిమానా వేస్తారా? రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ తప్పించుకుంటుందా? పని సరిగా చేయకపోతే వర్క్‌షాప్‌వారిని ఎక్కడ నిలదీయాలి?

జవాబు: మోటారు వాహనాల చట్టం, 1988లో హెడ్-అప్ డిస్‌ప్లేను పేరు పెట్టి అనుమతించిన సెక్షన్ గానీ నిషేధించిన సెక్షన్ గానీ లేదు. అందువల్ల ఈ పరికరం చట్టబద్ధమా కాదా అన్నదాని కన్నా, దీన్ని బిగించడానికి మీ కారులో వేటిని విప్పుతారు, వేటిని మారుస్తారు అన్నదే అసలు ప్రశ్న. వేగాన్ని అద్దం మీద చూపించే చిన్న వెలుగుతో చట్టానికి పేచీ లేదు. దాని కోసం తీసేసే ముందు అద్దంతో, ఎయిర్‌బ్యాగ్ ఉన్న డ్యాష్‌బోర్డుతో మాత్రం ఉంది.

అనుమతి సంగతి సెక్షన్ 52లో ఉంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. ఆర్‌సీలో ఉండేవి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంధనం, రంగు, బాడీ రకం, సీట్ల సంఖ్య, ఖాళీ వాహనం బరువు వంటి వివరాలు. హెడ్-అప్ డిస్‌ప్లే వీటిలో దేన్నీ మార్చదు కాబట్టి, నా అభిప్రాయంలో, సెక్షన్ 52 కింద మీరు ముందస్తు అనుమతి కోరవలసిన పని లేదు. అయితే 2019 జనవరిలో సుప్రీంకోర్టు కె. జయచంద్ర కేసులో, తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని, రాష్ట్ర నిబంధనలు కూడా సెక్షన్ 52కు లోబడే ఉండాలని చెప్పింది. కారులో ఏ చిన్న మార్పు చేసినా నేరమేనని ఈ తీర్పును చూపి వాదించేవారున్నారు. ఆ తీర్పును ఆర్‌సీలో నమోదయ్యే వివరాలతో కలిపి చదవాలే తప్ప, సీటు కవరు మార్చినా నేరమని చదవకూడదు.

జరిమానా విషయంలో మీ భయం అర్థం లేనిది కాదు. 2019 సవరణ ద్వారా చేరిన సెక్షన్ 182ఏ నాలుగో ఉపవిభాగంలో రెట్రోఫిటింగ్ (వాహనానికి తర్వాత భాగాలు అమర్చడం) అన్న మాటే నేరుగా ఉంది. చట్టం, నిబంధనలు అనుమతించని రీతిలో వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇందులో బరువంతా ‘అనుమతించని రీతిలో’ అన్న మాట మీదే ఉంది. అంటే మీరు చేయించబోయే పని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో దేన్నైనా ఉల్లంఘిస్తోందా అని చూడాలి. ఉల్లంఘించే ప్రమాదం ఎక్కువగా ఉన్నది అద్దం దగ్గరే.

మామూలు ముందు అద్దానికి లోపలి తలం, బయటి తలం రెండూ వెలుగును వెనక్కి కొడతాయి కాబట్టి అంకెలు జంటగా, నీడ పడినట్టు కనిపిస్తాయి. కంపెనీ బిగించే హెడ్-అప్ డిస్‌ప్లేలో రెండు గాజు పొరల మధ్య ఉండే ప్లాస్టిక్ పొరను ఒక అంచున మందంగా, మరో అంచున పలుచగా తయారు చేసి ఆ రెండు ప్రతిబింబాలను ఒకటిగా కలుపుతారు. ఆ అద్దం ఖరీదు ఎక్కువ. అందుకే కొందరు పాత అద్దాన్నే ఉంచి, దాని మీద వెలుగును ప్రతిఫలింపజేసే ఫిల్మ్ అంటించి పని ముగిస్తారు. మీకిచ్చిన 1,20,000 రూపాయల లెక్కలో ఉన్నది అసలు అద్దమా, ఫిల్మా అన్నది ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఆ 1989 నిబంధనల్లోని నిబంధన 100 ప్రకారం కారు ముందు అద్దం ల్యామినేటెడ్ సేఫ్టీ గ్లాస్ అయి ఉండాలి, కనీసం 70 శాతం వెలుగు దాని గుండా రావాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగానికి అనుగుణంగా ఉన్న అద్దమని దాని మూల మీది ఐఎస్‌ఐ గుర్తు చెబుతుంది. ఆ గుర్తు లేని దిగుమతి అద్దం ఎంత నాణ్యమైనదైనా తనిఖీలో మీ తరఫున మాట్లాడదు. ఇక ఫిల్మ్ సంగతి: 2012 ఏప్రిల్‌లో అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు కారు అద్దాల మీద నల్ల ఫిల్ములను, వెలుగు శాతంతో నిమిత్తం లేకుండా నిషేధించింది. ఆ తర్వాత నిబంధన 100 సవరణకు గురై, సేఫ్టీ గ్లాస్‌తో పాటు సేఫ్టీ గ్లేజింగ్ సామగ్రికీ (లోపలి వైపు ప్లాస్టిక్ పొర అంటించిన గాజు వంటిది) చోటు దొరికింది. దాని ఆధారంగా, నిర్ణీత వెలుగు శాతానికి లోబడి ఉన్న ఫిల్ముకు జరిమానా వేయకూడదని 2024లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును మన రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టుల ముందు ఉదహరించవచ్చు కానీ, అది ఇక్కడ కట్టుబడి తీరవలసిన తీర్పు కాదు. పైగా ఏ ప్రమాణ గుర్తూ లేని ఫిల్ముకు ఆ వాదన కూడా అండగా నిలవదు. కాబట్టి ఫిల్ముతో పని కానిస్తామంటే ఒప్పుకోకండి. గుర్తు ఉన్న సరైన అద్దం దొరకని పక్షంలో, ఇప్పుడు బాలెనో వంటి కార్లలో కంపెనీయే ఇస్తున్నట్టు, డ్యాష్‌బోర్డు మీద నిలిచే చిన్న పారదర్శక పలక మీద అంకెలు చూపే రకాన్ని ఎంచుకోండి. అది ముందు అద్దాన్ని తాకదు కాబట్టి నిబంధన 100 అడ్డురాదు. అయితే దాన్ని రోడ్డు కనిపించకుండా అడ్డు పడే చోట పెట్టకూడదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతున్నది డ్యాష్‌బోర్డు మార్పిడి. మీ కారులో ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ ఆ డ్యాష్‌బోర్డు లోపలే ఉంటుంది. అది విచ్చుకునేటప్పుడు పై పొర ముందుగా నిర్ణయించిన గీత వెంటే చిరగాలి. హెడ్-అప్ డిస్‌ప్లే కోసం పాత డ్యాష్‌బోర్డునే కోసి కన్నం చేసినా, మరో కారు నుంచి తెచ్చిన, ఒకసారి ఎయిర్‌బ్యాగ్ పేలాక అతికించి రంగు వేసిన డ్యాష్‌బోర్డును బిగించినా, ఆ లోపం పైకి కనిపించదు. అవసరమైన రోజున ఆ సీటులో కూర్చున్నది మీ భార్యో, తల్లో కావచ్చు. చట్టపరంగా కూడా మీ స్థితి బలహీనపడుతుంది: వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 87 ప్రకారం, హాని జరిగిన సమయానికి వస్తువును మార్చి ఉంటే ఉత్పత్తి అమ్మకందారు మీద బాధ్యత దావా నిలవదు. కారు తయారీదారు సైతం మార్పు వల్లే ఎయిర్‌బ్యాగ్ పనిచేయలేదని వాదిస్తాడు. అందువల్ల డ్యాష్‌బోర్డు విప్పక తప్పదంటే, పని తర్వాత అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను పరీక్షింపజేసి, లోపాల కోడ్‌లు ఏవీ లేవన్న ముద్రిత నివేదిక తీసుకోండి. డ్యాష్‌బోర్డును కోస్తామంటే మాత్రం ఈ ఆలోచన మానుకోమనే నా సలహా.

కారులో ఉన్న అసలు స్పీడోమీటరును తీయనివ్వకండి. నిబంధన 117 ప్రకారం వేగం చూపే పరికరం వాహనంలో ఉండి పనిచేయాలి, అద్దం మీది అంకెలు దానికి అదనం మాత్రమే. యూనిట్ పనిచేయడానికి మీటరు క్లస్టర్‌ను కూడా మార్చాలంటే, పాత కిలోమీటర్ల సంఖ్యను బిల్లులో రాయించుకోండి, లేదంటే రేపు కారు అమ్మినప్పుడు ఓడోమీటరును వెనక్కి తిప్పారన్న ఆరోపణ మీ మీదికి వస్తుంది. తెర మీద వేగం, దారి సూచనలు మించి వీడియోలు, మెసేజ్‌లు కనిపించేలా కోడింగ్ చేయించుకోవద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2020లో వచ్చిన సవరణ ఫోనును డ్రైవింగ్‌లో దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెదరకుండా వాడుకోనిచ్చింది. ప్రమాదం జరిగితే అద్దం మీద వీడియో నడుస్తోందన్న సాక్ష్యం నిర్లక్ష్యాన్ని రుజువు చేయడానికి పనికొస్తుంది.

బీమా గురించి: థర్డ్ పార్టీ పరిహారం ఎగవేయడానికి బీమా కంపెనీకి మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 150 కొన్ని కారణాలనే అనుమతిస్తుంది. వాహనంలో పరికరం అమర్చడం వాటిలో లేదు కానీ, ముఖ్యమైన వాస్తవాన్ని దాచి పాలసీ తీసుకున్నారన్న కారణం ఉంది. అందుకే పని పూర్తయిన వెంటనే, పాలసీ రెన్యూవల్ కోసం ఆగకుండా, బిల్లు నకలుతో కంపెనీకి ఈ-మెయిల్ పంపండి. కారు ధరలో చేరని ఎలక్ట్రానిక్ పరికరాలకు, పాలసీకి అదనంగా చేర్చే ఐఎంటీ 24 ఎండార్స్‌మెంట్ ఉంది. పరికరం విలువలో 4 శాతం అదనపు ప్రీమియం వేసే ఆనవాయితీ ప్రకారం, మీ 1,20,000 రూపాయల మీద ఏటా 4,800, పన్ను అదనం. ఇది చేయించకపోతే పరికరం పోయినా, పగిలినా దాని ధర రాదు. ఇక మీ కారు నష్టానికి సంబంధించిన క్లెయిమును పూర్తిగా తోసిపుచ్చితే, నష్టానికి ఆ మార్పు కారణం కాదని వాదించే వీలుంది. పాలసీ షరతు ఉల్లంఘనకు, నష్టానికి సంబంధం లేని సందర్భాల్లో క్లెయిములో కొంత భాగమైనా చెల్లించాలన్న ధోరణి నితిన్ ఖండేల్వాల్ (2008), అమలేందు సాహూ (2010) కేసుల్లో సుప్రీంకోర్టు చూపింది. అద్దం పగిలిన క్లెయిములో మాత్రం, మామూలు అద్దం ధరే ఇస్తామని వారు అనవచ్చు.

వాడిన యూనిట్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా డబ్బు కట్టకండి. అది దొంగిలించిన కారుదని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. విడిభాగం సీరియల్ నంబరు, అది వాడినదన్న మాట, వారంటీ గడువు, ఎయిర్‌బ్యాగ్ బాధ్యత వర్క్‌షాప్‌దేనన్న వాక్యం జీఎస్‌టీ బిల్లులో గానీ జాబ్ కార్డులో గానీ ఉండాలి. బిల్లు లేకుండా తక్కువకు చేస్తామన్న మాటకు లొంగితే, తర్వాత వినియోగదారుల కమిషన్ ముందు మీ చేతిలో ఏమీ ఉండదు. పనిలో లోపం ఉంటే అది సేవాలోపం కిందికి వస్తుంది. వర్క్‌షాప్ హైదరాబాద్‌లో ఉన్నా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5,00,000 రూపాయల లోపు కాబట్టి రుసుము ఉండదు, గడువు లోపం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. అంతకు ముందు 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఒక లీగల్ నోటీసు పంపండి.

మీ కారు రిజిస్ట్రేషన్‌కు 2029లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ రెన్యూవల్‌కు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ కారును స్వయంగా చూస్తారు కాబట్టి, విప్పిన పాత యూనిట్లను వర్క్‌షాప్‌కే వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. కొత్త అద్దం మీది ఐఎస్‌ఐ గుర్తు ఫొటోను, ఎయిర్‌బ్యాగ్ నివేదికను, బీమా ఎండార్స్‌మెంట్‌ను ఆర్‌సీతో కలిపి ఒకే ఫైల్‌లో ఉంచండి.