పిక్ లైన్‌తో ఇంటికి పంపిస్తే చూసుకోగలమా: మా అమ్మ విషయంలో జరిగింది

మీ నాన్నగారికి కీమో కోసం చేతిలోంచి గుండె దాకా గొట్టం (దాన్నే పిక్ లైన్ అంటారు) వేస్తామన్నారని, ఆయనకు షుగర్ కూడా ఉందని, ఇది ప్రమాదమా, ఇంటి దగ్గర మేం చూసుకోగలమా అని అడిగారు. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్‌కి కీమో అంతా పిక్ లైన్ మీదే నడిచింది. నేను డాక్టర్ని కాదు, పక్కనుండి చూసుకున్నవాణ్ణి. నాకు అర్థమైనంతలో, వేసేటప్పుడు పెద్దగా భయపడాల్సింది లేదు. ఇంటికొచ్చాక ఆ లైన్‌ను ఎవరు ముట్టుకుంటారు, ఎలా ముట్టుకుంటారు అన్నదే అసలు సంగతి.

గొట్టం గుండెలోకి దూరిపోతుందనుకోకండి. మోచేతికి పైన నరంలోంచి ఎక్కించి, గుండెకు రక్తం చేర్చే పెద్ద రక్తనాళం చివర ఆపుతారు. మత్తు ఆ కొంచెం చోటికే ఇస్తారు, అల్ట్రాసౌండ్‌లో నరం చూసుకుంటూ వేస్తారు, చివర సరైన చోట ఉందో లేదో మామూలుగా ఎక్స్‌రే తీసి చూస్తారు. ఇంత దూరం ఎందుకంటే, డాక్సోరుబిసిన్ లాంటి ఎర్ర మందు చేతి మీది చిన్న నరంలోంచి బయటికి కారితే చర్మం, కండ దెబ్బతిని పుండు పడుతుంది. పెద్ద రక్తనాళంలో అయితే మందు వెంటనే రక్తంలో కలిసి పలచబడుతుంది. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు మూత్రానికి వాడే గొట్టాన్ని తన చేతి నరంలోంచి తన గుండెలోకే ఎక్కించుకుని, నడిచి ఎక్స్‌రే గదికి వెళ్ళాడట. 1956లో నోబెల్ ఇచ్చారు. ధైర్యం కోసం ఈ కథ అమ్మకు చెప్తే, "వాడికి పెళ్ళాం బిడ్డల్లేరా?" అంది.

మాకు వచ్చిన ఇబ్బంది రక్తం గడ్డ. ఎడమవైపు ఆపరేషన్‌లో చంకలో లింఫ్ గ్రంథులు తీసేశారు కాబట్టి లైన్ కుడిచేతికి వేశారు. (రెండు చేతులకూ పట్టీ కట్టకూడదు కాబట్టి బీపీ కాలికి చూసేవారు.) ఒకరోజు అమ్మ "కుడిచేతి గాజులు కదలట్లేదురా" అంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే కుడి మణికట్టు దగ్గర గాజులు చర్మంలోకి అచ్చు పడి ఉన్నాయి, భుజం కింద నీలి నరాలు తేలి కనిపిస్తున్నాయి. డాప్లర్ (నరాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీస్తే రక్తం గడ్డ ఉందన్నారు. లైన్ పీకేస్తారేమోనని మాకు టెన్షన్. పీకలేదు. లైన్ బాగా పనిచేస్తూ, దాని అవసరం ఇంకా ఉంటే ఉంచి, రక్తం పలచబడే ఇంజక్షన్లు ఇస్తారట. పొట్ట మీద అవి చేయించుకుంటూనే మిగతా కీమో అయిపోయింది. మీరు లైన్ వేసిన రోజే మోచేతికి పైన చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. వాపు వచ్చిందా లేదా అన్న వాదన అప్పుడు ఉండదు. చేతి వాపుతో పాటు ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఇన్ఫెక్షన్ మాకు రాలేదు, కానీ వార్డులో పక్క బెడ్ ఆవిడకు వచ్చింది. లైన్ ఫ్లష్ చేసిన (అంటే సిరంజితో సెలైన్ పంపి గొట్టాన్ని కడిగిన) కాసేపటికే పళ్ళు కొట్టుకునేంత చలి, ఆ తర్వాత జ్వరం. ఫ్లష్ తర్వాత వణుకు వస్తే లైన్‌ను అనుమానించాలని డ్యూటీ డాక్టర్ మాకూ చెప్పారు. కీమోలో ఉన్నవాళ్ళకు జ్వరం 100.4 దాటితే డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే.

ఇక ఊళ్ళో సంగతి. వాడని వారాల్లో కూడా లైన్‌ను వారానికోసారి సెలైన్‌తో ఫ్లష్ చేసి, డ్రెస్సింగ్ మార్చాలి. ప్రతిసారీ సిటీకి వెళ్ళలేక దగ్గర్లోని ఒక నర్సింగ్ హోంకి వెళ్తే, అక్కడి సిస్టర్ మామూలు ఇంజక్షన్‌లాగే 2 ఎం.ఎల్. సిరంజి తీశారు. చిన్న సిరంజితో తోస్తే ఒత్తిడి ఎక్కువై లోపల గొట్టం చిట్లవచ్చు, 10 ఎం.ఎల్. సిరంజే వాడాలి. నేను ఆపితే ఆవిడ మొహం మాడ్చుకున్నారు గానీ మార్చారు. చేతులు కడుక్కున్నారా, సిరంజి తగిలించే లైన్ చివరను స్పిరిట్ స్వాబ్‌తో కనీసం 15 సెకన్లు గట్టిగా రుద్దారా అన్నది నిలబడి చూడండి, మొహమాటపడకండి. సెలైన్ వెళ్ళకపోతే బలంగా తోయనివ్వొద్దు. మూసుకుపోయిన లైన్ తెరవడానికి ఆసుపత్రిలో మందు ఉంటుంది. బయట ఎన్ని సెంటీమీటర్లు కనిపిస్తోందో గుర్తుపెట్టుకోండి. అది పెరిగితే గొట్టం జారినట్టే, లోపలికి నెట్టొద్దు. మన ఎండాకాలం చెమటకు డ్రెస్సింగ్ అంచులు వారం ఆగకుండానే లేస్తాయి, అలా లేస్తే ఆ రోజే మార్పించాలి. స్నానానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి, ఆ చెయ్యి నీళ్ళకు దూరంగా పెట్టుకుంటే చాలు.

వారం వారం ఈ పని చేసేవాళ్ళు దగ్గర్లో లేకపోతే, కీమో నెలల తరబడి ఉంటే, పోర్ట్ గురించి అడగండి. అది మందు ఎక్కించడానికి అమర్చే చిన్న డబ్బా లాంటిది, చర్మం కింద ఉంటుంది, వాడనప్పుడు డ్రెస్సింగ్ గొడవ లేదు. బ్రిటన్‌లో చేసి 2021లో లాన్సెట్‌లో వేసిన అధ్యయనంలో, పిక్ లైన్ ఉన్నవాళ్ళలో 47 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వస్తే, పోర్ట్ ఉన్నవాళ్ళలో 32 శాతం మందికి వచ్చింది. పోర్ట్‌కి చిన్న ఆపరేషన్, ముందు ఖర్చు ఎక్కువ.

షుగర్ అన్నారు, అది కిడ్నీలను దెబ్బతీయొచ్చు కాబట్టి ఇంకొకటి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు పిక్ లైన్ వీలైనంతవరకు వేయరు. రేపు డయాలసిస్ అవసరమైతే ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసే ఏర్పాటు) పెట్టడానికి చేతి నరాలే కావాలి, లైన్ వల్ల అవి పాడవచ్చు. నాన్నగారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు పట్టుకెళ్ళి, లైన్‌కి డేట్ ఇవ్వకముందే డాక్టర్‌ని ఈ మాట అడగండి.