ఆర్డరు రాయకముందే

కడప

చిరంజీవికి,

కొనుగోళ్లలో మోసం మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. "లారీ కాటా ఎక్కకముందే బిల్లు పాసైపోయింది" అని స్టోర్స్ గుమాస్తా అన్న చోట ఆగిపోయాను. ఆ మాట కోసమే ఈ ఉత్తరం. ఆఖరి పేజీలో విజిలెన్స్ ఆఫీసరు జీపు దిగి పర్చేజ్ మేనేజరును పట్టుకుపోవడం చూస్తే మాత్రం కోపమొచ్చింది. అప్పటికే డబ్బు పోయింది, నాసిరకం సరుకు గోడౌన్లో పడింది. ఇంకేం ఒరుగుతుంది?

మోసాన్ని ఆపాల్సింది ఆర్డరు రాయకముందు, నాయనా. నీ కథ సరఫరాదారులు రేట్లు రాసి పంపిన ఆ మూడు కొటేషన్ల దగ్గర కూర్చోవాలి.

నేను పదకొండేళ్లు ఒక ఫ్యాక్టరీ పర్చేజ్ సెక్షన్లో పనిచేశాను. ఒకసారి గోనెసంచులకు ప్రొద్దుటూరు, కడప, తాడిపత్రి నుంచి మూడు కొటేషన్లు వచ్చాయి. లెటర్‌హెడ్లు వేరు. డెలివరీ అనే ఇంగ్లీషు మాటలో స్పెల్లింగు తప్పు మాత్రం మూడింట్లోనూ ఒకటే. రేట్లను పక్కపక్కన పోల్చి చూపే కంపారిటివ్ స్టేట్‌మెంటు పక్కన ఆ సంగతి పెన్సిల్‌తో రాసి పైకి పంపాను. నా రాత రబ్బరుతో చెరిపేసి, కింద సంతకం పెట్టి వెనక్కి పంపారు. ఆ మరక ఇప్పటికీ కళ్లలో ఉంది. దాని మీద కథ రాస్తే ఒక సంపాదకుడు, "సీమ నుంచి కరువో ఫ్యాక్షనో పంపండి, ఆఫీసు కాగితాలు ఎవరు చదువుతారు" అన్నాడు. మా ఊళ్లలో ఆఫీసులు లేవా? నెలజీతం పోతుందన్న భయాలు లేవా?

నీ గుమాస్తాకు చూసే కళ్లివ్వు. జీఎస్టీ నంబరులో అంకెలూ అక్షరాలూ కలిపి 15 ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రానివి, మనకు 37. తర్వాతి పది పాన్ నంబరు. రెండు పేర్ల కింద ఆ పదీ ఒకటే అయితే వచ్చింది ఇద్దరు కాదు, ఒక్కడే. కూడబలుక్కుని రేట్లు వేయడాన్ని 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఒప్పుకోదు. ఫలానా సరుకు కావాలని ఇండెంటు పెట్టేవాడు, సరఫరాదారును ఎంచేవాడు, సరుకు దించుకునేవాడు ఒక్కరే కాకూడదు. నీ కథలో మూడూ మేనేజరే చేస్తున్నాడు, అది ఎవరికీ కనపడలేదు!

గుమాస్తా ఎవరికి చెప్పాలన్న టెన్షన్ కూడా రాయి. షేర్ మార్కెట్లో నమోదైన లిస్టెడ్ కంపెనీలో ఫిర్యాదుకు దారి ఉండాలని, అవసరమైతే లెక్కలపై కన్నేసి ఉంచే ఆడిట్ కమిటీ ఛైర్మన్‌నే నేరుగా కలవొచ్చని 2013 కంపెనీల చట్టం చెబుతుంది. ఆ రోజుల్లో నాకలాంటి తలుపు ఒక్కటీ లేదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. అది తర్వాత. ముందు జీపును తీసేయి. గుమాస్తాను ఆ రాత్రి కొటేషన్ల ముందు కూర్చోబెట్టి, మళ్లీ రాసి నాకు పంపు.